గుండెదడ వెనక ఏముంది?

2020 డిసెంబరు 5న ఏలూరు వన్‌టౌన్‌లో జనం ఉన్నట్టుండి కుప్పకూలడం మొదలైంది. పిల్లలు, పెద్దలు, ఆడ, మగ తేడా లేదు. మూర్ఛ, నోట్లో నురగ, మూడు నుంచి ఐదు నిమిషాలు స్పృహ లేకపోవడం, తేరుకున్నాక తలనొప్పి, నడుంనొప్పి, వాంతులు. వారం తిరక్కుండానే ఆస్పత్రి మెట్లెక్కినవాళ్లు ఆరు వందలు దాటారు. ఒకరు చనిపోయారు. ప్రభుత్వం ఆనాడు విడుదల చేసిన లక్షణాల జాబితాలో మూర్ఛ, మతిమరుపుల పక్కనే ‘ఆందోళన’ కూడా ఉంది.

వైరస్ పరీక్షలన్నీ నెగెటివ్ వచ్చాయి. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షించిన రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయి. ఆ తర్వాత ఎయిమ్స్, పర్యావరణ పరిశోధన సంస్థ నీరి ఇచ్చిన నివేదికలు పురుగుమందుల అవశేషాలను ప్రధాన కారణంగా చూపాయి. అవి ఏ దారిన ఒంట్లోకి చేరాయన్నది మాత్రం ఆనాటికి తేలలేదు. కుళాయి నీళ్లు తాగాలా వద్దా, కూరగాయలు కొనాలా వద్దా అని ఊరు ఊరంతా మథనపడింది.

అలాంటి వారంలో ఊరు రెండు రకాలుగా జబ్బు పడుతుంది. ఒకటి ఒంట్లో చేరిన విషం వల్ల, రెండోది భయం వల్ల. రెండూ ఒకే ఓపీకి వస్తాయి. విడదీసే గుర్తులు లేకపోలేదు. మూర్ఛ వచ్చినవాడికి ఆ కాసేపు ఏం జరిగిందో తెలియదు, పక్కవాళ్లు చెబితేనే తెలుస్తుంది. నాలుక కరుచుకోవచ్చు, బట్టల్లోనే మూత్రం పోవచ్చు. భయం ముంచెత్తినవాడికి ప్రతి క్షణం గుర్తుంటుంది. గుండె ఎలా కొట్టుకుందో, వేళ్లు ఎప్పుడు తిమ్మిరెక్కాయో, గొంతుకు ఏదో అడ్డం పడ్డట్టయి ఊపిరి ఎలా ఆడలేదో, ‘ఇక పోతున్నాను’ అని ఎప్పుడనిపించిందో పూసగుచ్చినట్టు చెబుతాడు. ఇది ప్యానిక్ అటాక్. పది నిమిషాల్లోపే పతాకస్థాయికి చేరి, అరగంటలో దానంతటదే దిగిపోతుంది. ప్రాణం తియ్యదు. కానీ అనుభవించినవాడికి ఆ మాట ఎవరు చెప్పినా నమ్మబుద్ధి కాదు.

ఈ రెండింటినీ కలిపేస్తే నష్టం ఇరువైపులా ఉంది. ఏలూరులో ఆరు వందల మందిని ‘ఊరికే భయపడ్డార్లే’ అని పంపేసి ఉంటే పురుగుమందుల సంగతి బయటికి వచ్చేదే కాదు. అటువైపు తప్పు మనకు త్వరగా కనిపిస్తుంది. ఇటువైపు తప్పు, అంటే భయాన్ని ఒంటి జబ్బుగా చూడటం, ఏళ్ల తరబడి సాగినా ఎవరి కంటా పడదు. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా, కైకలూరు నుంచి ఆకివీడు దాకా ఏ ఆస్పత్రి ముందు కూర్చున్నా వినపడే ఫిర్యాదులు ఇవే: గుండెదడ, ఆయాసం, కడుపులో తిప్పడం, కాళ్లూ చేతులూ లాగడం, నిద్ర పట్టకపోవడం, నీరసం. ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ బాటిలు, బీ కాంప్లెక్స్ ఇంజెక్షను. పట్నం వస్తే ఈసీజీ, ఎకో, థైరాయిడ్, ఎండోస్కోపీ. రిపోర్టులన్నీ బాగానే ఉన్నాయంటారు. మనిషి మాత్రం బాగా ఉండడు. ఆ ఫైలు మడిచి పట్టుకుని ఇంకో డాక్టరు దగ్గరికి బయల్దేరతాడు.

ఈ ప్రాంతంలో ఆందోళన జబ్బుల మీద నాకు ముందుగా చెప్పాలనిపించేది ఒకటుంది. భయానికి కారణం ఉన్నంత మాత్రాన అది జబ్బు కాకుండా పోదు. జబ్బని తేలినంత మాత్రాన ఆ కారణం మాయం కాదు. మన దగ్గర సగం మంది మొదటి మాట ఒప్పుకోరు: ‘అప్పులున్నోడికి నిద్రెలా పడుతుంది, ఇందులో జబ్బేముంది?’ మిగతా సగం రెండో మాట మరిచిపోతారు: మాత్ర రాసిచ్చి, అప్పు సంగతి అడగకుండా పంపించేస్తారు.

కలిదిండి, కైకలూరు వైపు రొయ్యల చెరువు గట్టు మీద ఒక రాత్రి గడిపితే ఈ మాట బాగా అర్థమవుతుంది. చెరువు నీటిలో ప్రాణవాయువు పగలంతా పెరిగి రాత్రంతా తగ్గుతుంది. తెల్లవారుజామున మూడు గంటల నుంచి పొద్దు పొడిచేలోపు అట్టడుక్కి వస్తుంది. ఆ వేళకే కరెంటు పోతే ఏరియేటర్లు ఆగుతాయి. జనరేటరు సమయానికి స్టార్టవకపోతే రొయ్య నీటిపైకి తేలుతుంది. తెల్లమచ్చ వైరస్ తగిలితే వారం రోజుల్లో చెరువు మొత్తం ఖాళీ. అందుకే రైతు గట్టు మీద షెడ్డులోనే పడుకుంటాడు, ఫ్యాను చక్రాల చప్పుడు ఆగిందా లేదా అని నిద్రలో కూడా ఒక చెవి అటే వేసి. మేతకు అరువు, సీడుకు అప్పు, లీజుకు ముందస్తు. ధర ఎక్కడో సముద్రాల అవతల తేలుతుంది. 2025లో అమెరికా సుంకాలు మొదట 26 శాతమని ప్రకటించి, ఆగస్టు చివరికి 50 శాతానికి తీసుకెళ్లినప్పుడు ఆ దెబ్బ నేరుగా ఈ గట్ల మీదే పడింది.

మూడు గంటలకు మెలకువ రావడం ఆ మనిషికి పనిలో భాగం. ఆ జాగ్రత్తే చెరువును కాపాడుతుంది. పట్టుబడి అయిపోయి, చెరువు ఎండగట్టి, ఇంటికొచ్చి మంచమ్మీద పడుకున్నాక కూడా అదే మూడింటికి ఉలిక్కిపడి లేచి, చెమటలు పట్టి, ఏం కొంప మునిగిందోనని గుండె కొట్టుకుంటుంటే, అక్కడ జబ్బు మొదలైనట్టు. చూసుకోవాల్సిన చెరువు లేదు, కాపలా మాత్రం ఆగలేదు. పిల్లవాడి బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే యాక్సిడెంటే అనిపిస్తుంది. ఫోను మోగితే చెడువార్తే అనిపిస్తుంది. ఈ ఆందోళన ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి గెంతుతూ ఆరు నెలలకు మించి సాగి, నిద్రనీ పనినీ తినేస్తుంటే వైద్యులు దాన్ని జనరలైజ్డ్ యాంగ్జయిటీ డిజార్డర్ అంటారు. 

మెదడులో జరిగేది ఈ రైతు కథకు దూరమేమీ కాదు. ప్రమాదం పసిగట్టే భాగం అమిగ్డలా. అది సైరన్ మోగిస్తే అడ్రినలిన్ విడుదలై గుండె వేగం పెరుగుతుంది, రక్తం పొట్ట వదిలి కండరాల వైపు పరుగెడుతుంది, ఊపిరి వడివడిగా సాగుతుంది. వడివడిగా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, మూతి చుట్టూ, వేళ్ల చివర తిమ్మిరెక్కుతుంది. ఆ తిమ్మిరి చూసి ‘పక్షవాతమేమో’, దడ చూసి ‘హార్ట్ అటాకేమో’ అని ఇంకా భయపడతాం. ఆ భయంతో మళ్లీ అడ్రినలిన్. ప్యానిక్‌లో మనిషిని తిప్పేది ఈ వలయమేనని 1986లో బ్రిటన్ మనస్తత్వవేత్త డేవిడ్ క్లార్క్ సూత్రీకరించాడు. ప్యానిక్‌కు నేటి మాటల చికిత్స చాలావరకు ఆ పునాది మీదే నిలబడి ఉంది.

ఈ జబ్బుకు పేరు కుదరడానికి వందేళ్లకు పైగా పట్టింది. అమెరికా అంతర్యుద్ధంలో గుండెదడతో వచ్చిన సైనికులను పరిశీలించి డా కోస్టా అనే వైద్యుడు 1871లో రాసినప్పుడు అది గుండె సంగతిగానే కనిపించింది. 1895లో ఫ్రాయిడ్ దీన్ని నరాల బలహీనత నుంచి విడదీశాడు. 1980లో అమెరికా మానసిక జబ్బుల వర్గీకరణ ప్యానిక్‌ని, దీర్ఘకాల ఆందోళననీ వేర్వేరు జబ్బులుగా గుర్తించింది. 2013లో ఓసీడీ, పీటీఎస్‌డీలు ఆందోళన గుంపులోంచి వేరుపడి సొంత ఇళ్లు కట్టుకున్నాయి. నలుగురిలో నోరు విప్పాలంటే వణికే సోషల్ యాంగ్జయిటీ, రద్దీ బస్సెక్కాలన్నా సంతకెళ్లాలన్నా కాళ్లాడని అగోరాఫోబియా, ఫలానా దాని మీదే పట్టుకునే భయాలు ఈ గుంపులోనే మిగిలాయి. మగవాళ్లతో పోలిస్తే ఆడవాళ్లలో ఈ జబ్బులు దాదాపు రెట్టింపు.

ఇదంతా భయమేనని తేల్చేముందు ఒంటిని చూడాల్సిందే. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా, షుగరు మందు వాడేవాళ్లకు షుగరు పడిపోయినా, గుండె లయ తప్పినా ఇవే లక్షణాలు వస్తాయి. పురుగుమందు కొట్టి వచ్చినవాళ్ల విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. రాత్రి తాగి, పొద్దున చేతులు వణుకుతూ గాబరాగా లేచేవాడిది చాలాసార్లు మందు దిగిపోవడం వల్ల వచ్చే ఆందోళన. దాన్ని అణచడానికి మళ్లీ తాగుతాడు. ఒక్కసారి ఈ పరీక్షలన్నీ సరిగ్గా చేయిస్తే చాలు. అవే పరీక్షలు ఏడాదికి నాలుగుసార్లు చేయించడం వైద్యం కాదు, భయానికి మేత వెయ్యడమే.

కొల్లేరు సరస్సు సంగతి వేరేగా చెప్పాలి. 1999లో అయిదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. సరస్సు బతకాలన్నది న్యాయమైన కోరికే. కానీ ఇరవై ఏళ్లుగా లంక గ్రామాల్లో కుటుంబాలు వచ్చే ఏడాది ఈ చెరువు ఉంటుందో లేదో తెలియని బతుకు బతుకుతున్నాయి. దానికి తోడు బుడమేరు, తమ్మిలేరు పోటెత్తితే నీళ్లు వచ్చి చేరే పళ్లెం ఇదే, సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీళ్లు చివరికి ఇక్కడికే చేరాయి. విపత్తు దాటిన చాలామంది కొన్ని నెలల్లో వాళ్లంతట వాళ్లే కుదుటపడతారని ప్రపంచమంతటా అనుభవం. కొందరు మాత్రం మబ్బు పట్టినప్పుడల్లా మళ్లీ ఆ నీళ్లలోనే నిలబడతారు. తెగిపోని అనిశ్చితి మాత్రం ఒక్కసారి వచ్చి పోయే విపత్తు కంటే మొండిది. దానికి ‘అయిపోయింది’ అని చెప్పుకునే రోజే ఉండదు.

ఇన్ని ఒత్తిళ్ల మధ్య జనం ముందుగా వెళ్లేది కొల్లేటికోట పెద్దింట్లమ్మ దగ్గరికో, తాయెత్తు కట్టే ఆయన దగ్గరికో. దీన్ని నేను తప్పుపట్టను. అమ్మవారి ముందు కూర్చుంటే మనసు నెమ్మదిస్తే మంచిదే. ఆ నెమ్మది ఇంటికి చేరేలోపే జారిపోతుంటే మందు కూడా వాడాలని చెప్పే మనిషి పక్కన ఉండాలి, అంతే. నాకు భయం వేసేది మెడికల్ షాపు కౌంటర్ని చూస్తే. నిద్ర పట్టడం లేదంటే ఆల్‌ప్రజోలం అర మాత్ర చేతిలో పెట్టే అలవాటు ఇంకా పోలేదు. అది షెడ్యూల్ హెచ్1 మందు, చీటీ లేకుండా అమ్మకూడదు, రిజిస్టరులో రాయాలి. అరగంటలో భయం కరిగిపోతుంది కనుక మహత్తుగల మందనిపిస్తుంది. వారాలు గడిచేకొద్దీ అదే మోతాదు చాలదు, మానేస్తే మొదటి భయం కంటే పెద్ద భయం వస్తుంది. ఒక్కసారిగా ఆపితే మూర్ఛ కూడా రావచ్చు. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపేది ఎక్కువగా ఇలాంటి మందులనే. 2020 మార్చి లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి వణుకుతూ, పిచ్చిచూపులు చూస్తూ జనం బారులు తీరింది అందుకే.

ఎంతమందికి ఈ జబ్బులున్నాయన్న లెక్క దగ్గర కాస్త ఆగాలి. నిమ్హాన్స్ 2015–16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. ఆంధ్రప్రదేశ్ అందులో లేదు. ఆ సర్వే ప్రకారం పెద్దల్లో నూటికి పది మందికి పైగా ఏదో ఒక మానసిక జబ్బుతో ఉన్నారు, జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి చికిత్స అందడం లేదు. 2017కి వేసిన మరో అంచనా దేశంలో దాదాపు నాలుగున్నర కోట్ల మందికి ఆందోళన జబ్బులున్నాయని చెప్పింది. కుంగుబాటు, ఆందోళన దక్షిణాది రాష్ట్రాల్లోనే ఎక్కువని కూడా అదే అంచనా చెప్పింది. ఇక్కడి జబ్బుల మీద ఇక్కడి లెక్క చేతిలో లేకుండా వేసే ప్రణాళికలు గాలిలో దీపాలే.

అయితే చికిత్స మీద జరిగిన మంచి ప్రయోగాల్లో ఒకటి మన జిల్లాలోనే జరిగిందని ఇక్కడ ఎక్కువమందికి తెలియదు. ఏలూరు, తాడేపల్లిగూడెం ఒకే పశ్చిమగోదావరిలో ఉన్న రోజుల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ వాళ్లు ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ పేరుతో 30 గిరిజన గ్రామాల్లో దీన్ని మొదలుపెట్టారు. ఆశ కార్యకర్తలకు ట్యాబ్‌లు ఇచ్చి, ఇంటింటికీ తిరిగి కుంగుబాటు, ఆందోళనల మీద ప్రశ్నలు అడిగించారు. ఆందోళనకు వాడేది జీఏడీ-7 అనే ఏడు ప్రశ్నల పట్టిక, 2006 నాటిది. ప్రతి ప్రశ్నా గడిచిన రెండు వారాల గురించే. అరుగు మీద అది ఇంచుమించు ఇలా నడుస్తుంది.

“పిన్నిగారూ, ఈ రెండు వారాల్లో కంగారుగా, గాబరాగా అనిపించిందా? ఎన్ని రోజులు?”

“ఎన్ని రోజులేంటమ్మాయ్, అబ్బాయి కువైట్ వెళ్లిన కాణ్ణుంచీ అంతే.”

“ఆలోచనలు ఆపుకుందామన్నా ఆగట్లేదా?”

“ఆగితే నిద్రే పట్టేదిగా.”

ఏడు జవాబులకు కలిపి 21 మార్కులు. పది, అంతకుమించి వస్తే పీహెచ్‌సీ డాక్టరు చూడాలి. డాక్టరు ట్యాబ్‌లో ఏ మందు, ఎంత, మళ్లీ ఎప్పుడు రావాలన్న దారి సిద్ధంగా ఉంటుంది. దీనికి ముందుగా ఊళ్లో నాటకం వేశారు, జబ్బు నుంచి కోలుకున్నవాళ్ల మాటలను వీడియోలో చూపించారు. ‘పిచ్చి’ అన్న ముద్రకు భయపడి ఇంట్లోనే ఉండిపోయేవాళ్లను కదిలించడానికి అది అవసరం.

ఫలితం చూడండి. 5,007 మందిని ప్రశ్నిస్తే 238 మందికి డాక్టరు అవసరమని తేలింది. అంతకుముందు వాళ్లలో చికిత్స కోసం వెళ్లినవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు, 0.8 శాతం. ప్రాజెక్టు కాలంలో అది 12.6 శాతానికి పెరిగింది, ఆందోళన, కుంగుబాటు స్కోర్లు కూడా తగ్గాయి. ఇంత శ్రమపడ్డా నూటికి 87 మంది పీహెచ్‌సీ గడప తొక్కలేదన్నదీ అదే అంకె చెబుతుంది. కూలి పోతుంది, బస్సు ఉండదు, డాక్టరు ఉంటాడో ఉండడో. తర్వాత ఇదే పద్ధతిని పశ్చిమగోదావరితో పాటు హర్యానాలోని ఫరీదాబాద్, పల్వల్ జిల్లాల్లో 44 పీహెచ్‌సీల పరిధిలో పరీక్షించి, 2024లో ఫలితాలు ప్రచురించారు. ఏడాది తర్వాత కుంగుబాటు నుంచి బయటపడ్డవాళ్లు ఈ పద్ధతి ఉన్న ఊళ్లలో నూటికి 75 దాకా, లేని ఊళ్లలో 50 దాకా. అంటే సగం మంది కాలంతో పాటు వాళ్లే కోలుకుంటారు. మిగిలిన సగంలో సగాన్ని ఒక ఆశ కార్యకర్త, ఒక మామూలు ఎంబీబీఎస్ డాక్టరు కలిసి ఒడ్డుకు చేర్చగలరు. సైకియాట్రిస్టు కోసం విజయవాడో విశాఖో వెళ్లాల్సిన జనానికి ఇంతకు మించిన మంచి వార్త ఏముంది?

చికిత్స అంత గహనమైనదేమీ కాదు. సెర్ట్రలీన్, ఎస్సిటాలోప్రామ్ వంటి మందులు చవకైనవే, అలవాటుగా మారవు. పని మొదలుపెట్టడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారంలో కడుపులో వికారం, కాస్త ఎక్కువ గాబరా ఉండొచ్చు. ఈ ఒక్క ముక్క ముందే చెప్పకపోవడం వల్ల ఎంతమంది నాలుగో రోజున మాత్రలు చెత్తబుట్టలో వేస్తారో! బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. మాటల చికిత్సలో అసలు పని భయం వేసే చోటికి కొద్దికొద్దిగా తిరిగి వెళ్లడం. బస్సంటే భయపడే మనిషిని ముందు బస్టాండు దాకా, తర్వాత ఒక స్టేజీ దాకా, ఆపైన ఏలూరు దాకా తీసుకెళ్తారు. మధ్యలో దడ వస్తుంది. దిగిపోకుండా అక్కడే ఉంటే దానంతటది తగ్గుతుందని మెదడుకు అనుభవంలో తెలియాలి. ఇంట్లోవాళ్లు ప్రేమతో ‘నువ్వు రాకులే, నేను వెళ్లొస్తా’ అంటున్నకొద్దీ జబ్బు ముదురుతుంది.

చదువుల ఒత్తిడి మీద ఈమధ్య చాలా రాశారు కనుక ఒక్క సంగతే చెబుతాను. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న విద్యార్థిని మృతి కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. వంద మంది, అంతకుమించి విద్యార్థులుండే సంస్థల్లో అర్హత ఉన్న కౌన్సెలరు ఉండాలని అందులో ఉంది. హాస్టలు ఫీజు కట్టేటప్పుడు కౌన్సెలరు ఎవరు, ఏ రోజుల్లో ఉంటారని అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉంది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్సను హక్కుగా చెప్పింది, ఆరోగ్య బీమాలో మానసిక జబ్బులకూ మిగతా జబ్బులతో సమానంగా చోటివ్వాలంది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళైనా చేసి తెలుగులో మాట్లాడొచ్చు, ఖర్చు లేదు. రాత్రి మూడింటికి గట్టు మీద ఒంటరిగా కూర్చున్న మనిషికి, చనిపోవాలన్న ఆలోచన వచ్చినవాళ్లకి ముఖ్యంగా, ఆ నంబరు తెలిసి ఉండాలి.

మిగిలిందంతా అమలు. ప్రాజెక్టు వాళ్లు ట్యాబ్‌లు సర్దుకుని వెళ్లాక ఆశ కార్యకర్త చేతిలో గర్భిణుల జాబితా, టీకాల జాబితా, బీపీ షుగర్ల జాబితా ఉంటాయి. ఈ ఏడు ప్రశ్నలను ఇంకో పనిగా ఊరికే అంటగడితే అవి కాగితం మీదే నిండుతాయి. దానికి వేరే పారితోషికం ఇవ్వాలి, పీహెచ్‌సీలో సెర్ట్రలీన్ ఏ నెలా అయిపోకుండా చూడాలి, 2023లో మొదలైన ఏలూరు ప్రభుత్వ వైద్య కళాశాల నుంచి సైకియాట్రీ డాక్టరు నెలకోసారైనా లంక గ్రామాల పీహెచ్‌సీలకు వెళ్లాలి. ఆక్వా రైతులను కూడగట్టడం అంతకంటే తేలిక. నీటి పరీక్ష గురించీ మేత గురించీ వాళ్లకు సమావేశాలు ఎటూ జరుగుతూనే ఉంటాయి. వచ్చినవాళ్లందరికీ చెరువు పీహెచ్ అడిగినట్టే, రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నారని కూడా అడిగి ఆ జవాబు రాసుకోవాలి.